నా గొంతుతో సూరి మాట్లాడిన చలికాలం

రోజుకు అర పేజీ రాయమంది ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి. ఏం రాయాలి అంటే, "ఏదైనా రాయండి అంకుల్, వేళ్లకు పని కావాలి, అంతే" అంది. మొదట ఊళ్ల పేర్లు రాశాను. అవి అయిపోయాక నాకు తెలిసిన తిట్లు రాశాను. అవీ అయిపోయాక ఇది మొదలుపెట్టాను. నా అక్షరాలు ఇంకా కోడి గీకినట్టే ఉన్నాయి కాబట్టి వాటిని కూడబలుక్కుని టైప్ చేసే పని సూరిది. అందుకని ఇందులో సూరి మీద పొగడ్తలు తక్కువ ఉంటాయి. నేను రాసినా తనే కొట్టేస్తాడు.

ఇది ఇద్దరికి పనికొస్తుందనుకుంటున్నాను. పాదాల్లో తిమ్మిరి మొదలై, పైకి పాకుతున్నా "అదే పోతుందిలే" అనుకునేవాళ్లు ఒకరు. ఆస్పత్రి కౌంటర్ దగ్గర "పేషెంటుకు మీరేమవుతారు" అని అడిగితే గుటకలు మింగేవాళ్లు రెండోవారు. మేమిద్దరం ఆ రెండు పనులూ చేశాం.

నా పేరు నర్సింహ. మాది చౌటుప్పల్ దాటాక ఒక పల్లె. నన్ను మీరు చూసి ఉండరు, విని ఉంటారు. హిందీ నుంచి తెలుగులోకి వచ్చే సీరియళ్లలో కోడల్ని ఇంట్లోంచి గెంటేసే మామగారు చాలావరకు నేనే. డబ్బింగ్ నా పని. సూరిబాబుది కోనసీమ. హీరో పక్కన జోకులేసే స్నేహితుడు, పెళ్లి చెడగొట్టే బావ, కార్టూన్లలో ఉడుత, ఇవన్నీ తను. అమీర్‌పేట్ దగ్గర ఒక డబ్బింగ్ గదిలో కలిశాం. పందొమ్మిదేళ్ల కింద, ఎల్బీ నగర్‌లో ఇప్పుడుంటున్న ఈ పోర్షన్‌లోనే దండలు మార్చుకున్నాం. బామ్మ పాత్రలకు గొంతిచ్చే వరలక్ష్మి గారు అక్షింతలు వేశారు. సౌండ్ ఇంజినీరు ఒకాయన ఎఫెక్టుల సీడీలోంచి మంగళవాద్యం పెట్టాడు. ఆపడం మరిచిపోతే దాని వెనకే ఉన్న ఉరుము కూడా మోగింది. శుభమే అన్నారు వరలక్ష్మి గారు. చట్టం లెక్కలో మేం ఒకే ఇంట్లో కిరాయికుంటున్న ఇద్దరు మగవాళ్లం. మా అమ్మ లెక్కలోనూ అంతే. "నీ దోస్తు మంచిగున్నడా" అనేది అప్పుడప్పుడు. ఉన్నాడనేవాణ్ని.

పనిలో మా ఇద్దరి తీరు వేరు. నేను మాట మీద మాట వేస్తాను. ఎదుటి పాత్ర పెదవి మూయకముందే నా డైలాగ్ మొదలైపోతుంది. ఇంజినీర్లు నన్ను తిట్టేది అందుకే. సూరి అలా కాదు. అవతలి మాట చివరి అక్షరం దాకా ఆగి, ఇంకా కాస్త ఆగి, అప్పుడు నోరు తెరుస్తాడు. ఇంట్లోనూ అంతే. పోట్లాటలో కూడా నా వంతు పూర్తిగా అయ్యాకే తిడతాడు. దానివల్ల మా పోట్లాటలు చాలాసేపు నడిచేవి.

ఇంకో సంగతి. నాకు జ్వరం వచ్చి ఎపిసోడ్ ఆగిపోతుందనుకున్న రోజుల్లో సూరి నా గొంతుతో మామగారి డైలాగులు చెప్పేసి వచ్చేవాడు. ఎవరూ పట్టుకోలేదు. టీవీలో విన్నప్పుడు ఏది నాదో ఏది తనదో నాకే తెలిసేది కాదు.

వానాకాలం చివర

మొదట పాదాలు. చెప్పుల్లో ఇసుక పడ్డట్టు ఉండేది. విదిలిస్తే ఏమీ ఉండేది కాదు. గంటలు గంటలు మైకు ముందు నిలబడతాం కదా, దానివల్ల అనుకున్నాను. చైతన్యపురిలో ఒక క్లినిక్‌కు పోతే బెంచీల నిండా హాస్టల్ పిల్లలు, జ్వరంతోనే పుస్తకాలు తిప్పుతున్నారు. నా వంతు వచ్చాక డాక్టరు విటమిన్లు రాశారు. వద్దనడానికి నాకూ కారణం కనిపించలేదు. విటమిన్లు ఎవరికి చేదు.

తర్వాత ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొనుక్కుని నడుస్తున్నాను. పూలమ్మే ఆమె పిలిచింది.

"సారూ, ఒక్క చెప్పే ఉన్నది కాలుకు."

చూసుకుంటే నిజమే. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఎంత దూరం నుంచి ఒట్టికాలితో నడుస్తున్నానో తెలియదు. ఆమె తన బుట్ట పక్కన నన్ను కూర్చోబెట్టి, ఫోన్ తీసుకుని సూరికి తనే చెప్పింది. సూరి వచ్చేసరికి నాకు మోకాళ్ల కింద ఏమీ లేదు. ఆటోలోకి ఎక్కించబోతే సంచిలోని టమాటాలన్నీ దొర్లిపోయాయి. అవి ఏరమని నేను సూరి మీద కేకలేశాను. నా గొంతుతో నేను వేసిన ఆఖరి కేకలు టమాటాల కోసం.

అందుకే చెబుతున్నాను. తిమ్మిరి పైకి పాకుతుంటే విటమిన్లతో కూర్చోకండి. పెద్దాస్పత్రికి పోండి.

దసరా నుంచి దీపావళి దాకా

జబ్బు పేరు ఫ్రెంచి డాక్టర్లదట, నోరు తిరగదు. ఒంట్లోని కాపలావాళ్లే దారి తప్పి మన నరాల మీద పడతారని డాక్టరమ్మ చెప్పింది. నడుము పోయింది, చేతులు పోయాయి, మింగడం పోయింది, ఊపిరి కూడా మిషన్ చేతికి పోయింది. కళ్లూ చెవులూ మాత్రం మిగిలాయి. మనసు మిగిలిందా అంటే చెప్పలేను. భయపడ్డావా అని అందరూ అడుగుతారు. భయపడటానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి అదరాలి కదా. అదిరేదేదీ లేదు. పైన ట్యూబులైటు ఉండేది. దాన్ని చూశాను. అంతే.

కౌంటర్ దగ్గర జరిగింది సూరి తర్వాత చెప్పాడు. "పేషెంటుకు మీరేమవుతారు సార్?" అని అడిగిందట అమ్మాయి. సూరి ఒక్క క్షణం ఆగి, "కజిన్ అండీ" అన్నాడు. "రక్తసంబంధీకులు ఉంటే పిలిపించండి సార్, గొంతుకు ఆపరేషన్ ఉంది, సంతకం కావాలి" అందట ఆమె, మర్యాదగానే.

మా అన్న సత్తయ్య ఉండేది చంపాపేట్‌లో. డీసీఎం వ్యాన్లు తిప్పుతాడు. పక్కనే ఉన్నా పందొమ్మిదేళ్లలో మా ఇంటి గడప తొక్కలేదు. మా మధ్య ఏదో ఉందని తనకు తెలుసు, ఏముందో తెలుసుకోవడం ఇష్టం లేదు. వచ్చాడు, సంతకం పెట్టాడు, అటెండెంటు పాసు అడిగి తీసుకున్నాడు.

"ఇగ మేం చూసుకుంటం. నువ్వు ఇంటికి పో" అన్నాడట సూరితో.

"నేనిక్కడే ఉంటానండీ. లోపలికి రాను, బయటే కూర్చుంటాను."

"ఎందుకు? నువ్వేమైతవ్ వానికి?"

అన్న రెండోసారి అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

సూరి ఇంటికి పోలేదు. కింద వెయిటింగ్ హాలులో కూర్చున్నాడు. అందరూ చూసే టీవీలో నా సీరియల్ వచ్చేదట. పైన నేను మిషన్‌తో ఊపిరి తీస్తుంటే, కింద నేనే కోడలిని గడప దాటొద్దని బెదిరిస్తున్నాను. పక్కన సైదాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉండేది. ఆమె భర్త గుండె జబ్బుతో లోపలున్నాడు. చాప సగం సూరికి పరిచింది. "లోపల ఎవలున్నరు బిడ్డా?" అంది.

"మా ఇంటాయనండీ" అన్నాడట సూరి. ఎలా వచ్చిందో మాట, వచ్చేసింది.

ఆమె కాసేపు టీవీ చూసి, టిఫిన్ డబ్బా మూత తీసి, "ముందైతే ఇంత తిను" అంది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. రోజూ డబ్బాలో ఒక ముద్ద ఎక్కువ తెచ్చేది. వాళ్లాయన కోలుకుని ఇంటికి పోయాడని విని నాకు సంతోషం వేయలేదు, అప్పటికి నాకు ఏదీ వేయడం లేదు. ఇప్పుడు రాస్తుంటే వేస్తోంది.

ఆ రోజుల్లో సూరి నాకు కనబడలేదు. అన్న వచ్చి మంచం పక్కన నిలబడి, ఏం మాట్లాడాలో తెలియక, "ఏం గాదు తియ్" అని పోయేవాడు. సూరి వెళ్లిపోయాడేమో అనుకున్నాను. తప్పేముంది అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన నన్ను ఏడిపించలేదు. ఏడిపించలేదన్నదే ఇప్పుడు తలుచుకుంటే భయంగా ఉంటుంది.

చలికాలం

ఇదే సమయంలో మా అమ్మ చౌటుప్పల్‌లో అక్క ఇంట్లో జారిపడింది. తుంటి విరిగింది, రాడ్డు వేశారు. మంచం మీదే ఉండాలన్నారు. నా సంగతి చెబితే తట్టుకోదని అన్న, అక్క కలిసి దాచారు. షూటింగ్‌కు దూరం పోయాడన్నారు. డబ్బింగ్ వాడికి షూటింగ్ ఏమిటని అమ్మ అడగలేదు. ఫోన్ ఎందుకు చేయడం లేదని మాత్రం అడిగింది. రోజూ అడిగింది. తర్వాత అన్నం మానేసింది.

అప్పుడు మా అన్న మెట్లు దిగి వెయిటింగ్ హాలుకు పోయాడు. సూరి పక్కన, అదే చాప మీద కూర్చున్నాడు.

"నీకు వాని గొంతు వస్తదంట గద" అన్నాడు.

"వస్తుందండీ."

"అమ్మతోని మాట్లాడు తమ్మీ. వాని లెక్క. రోజు రెండు మాటలు. తింటలేదు ఆమె."

పొమ్మన్న నోటితోనే తమ్మీ అన్నాడు. సూరి ఎప్పటిలాగే అవతలి మాట పూర్తయ్యేదాకా ఆగి, ఇంకాస్త ఆగాడు.

"మాట్లాడతాను. కానీ ఇక్కణ్నుంచి కాదండీ. అతని పక్కన కూర్చుని మాట్లాడతాను. అతను వినాలి. వద్దంటే మానేస్తాను."

"వినుడేంది, పడుకొని ఉన్నడు గద."

"చెవులు పని చేస్తున్నాయి కదండీ."

అన్న జేబులోంచి పాసు తీసి ఇచ్చాడు. మా పెళ్లికి మా ఇంటివైపు నుంచి వచ్చిన మొదటి కానుక అదేనని సూరి ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

అప్పటికి నన్ను ఐసీయూ పక్కనే చిన్న గదిలోకి మార్చారు. గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. సాయంత్రం తలుపు తెరుచుకుని సూరి లోపలికొచ్చాడు. గడ్డం పెరిగింది, చొక్కా నాది వేసుకున్నాడు. నా మొహం మీదకు వంగి, "ఏమయ్యా, నన్ను లేపేశావా లెక్కలోంచి?" అన్నాడు. ఎలా కనిపెట్టాడో తెలియదు. ఫోన్ సంగతంతా చెప్పి, "ఓకే అయితే ఒకసారి కళ్లు ఆర్పు. రెండుసార్లు ఆర్పితే వన్ మోర్" అన్నాడు. డబ్బింగ్ గదిలో టేక్ నచ్చకపోతే ఇంజినీర్ అనే మాట అది. నేను ఒకసారి ఆర్పాను.

సిస్టర్ శిరీష సూర్యాపేట పిల్ల. చూసీచూడనట్టు తెర లాగింది. సూరి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు.

"అమ్మా" అన్నాడు. నా గొంతు. నా ముక్కులోంచి వచ్చే ఆ కొంచెం గరుకుతో సహా.

"ఎవలు?" అంది అమ్మ.

"నేనేనే. నర్సింహని."

"ఆ. చెప్పు బిడ్డా."

"కాలెట్లున్నదే?"

"కాలుకేమైంది, ఇనుము ఏసిండ్రు, ఉంటది. గా కూతలేంది నీ దిక్కు?"

మానిటర్ చప్పుడు అది. "డబ్బింగ్ థియేటర్ల ఉన్న. మిషన్లు కూస్తున్నయ్" అన్నాడు సూరి.

"గట్లనా. తిన్నవా నువ్వు?"

"తిన్ననే."

"ఉత్తగ అనకు. గొంతు సన్నగైనట్టున్నది. పొద్దుమీకి ఇంత అన్నం తిను, చాయ తాగి పండకు. నిద్ర వడుతున్నదా?"

"వడుతున్నది."

"ఒక్కనివే ఉంటున్నవా ఇంట్ల? పరేషాన్ గాకు బిడ్డా. అన్ని నిమ్మళమైతయ్."

ఇవన్నీ అమ్మ నన్నెప్పుడూ అడిగేది కాదు. మేం రెండు మాటలు మాట్లాడుకుని పెట్టేసే రకం. ఆపరేషన్‌తో మెత్తబడిందేమో అనుకున్నాను. అలా కొడుకుతో చాలాసేపు మాట్లాడింది. కొడుకేమో పక్కన పడుకుని ఇద్దరి మాటలూ వింటున్నాడు. ఏమీ అనిపించలేదు నాకు. టేక్ అయిపోయాక హెడ్‌ఫోన్‌లో మన గొంతు మనం వింటాం కదా, అలా విన్నాను. చివరికి అమ్మే పెట్టేసింది. సూరి నా వైపు తిరిగి, తన గొంతుతో, "సరిగ్గా వచ్చిందా?" అన్నాడు. ఒకసారి ఆర్పాను. పక్కనే నిలబడ్డ మా అన్న గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. అమ్మ ఆ రోజు అన్నం తిన్నదని అక్క ఫోన్ చేసింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే పని. నా చెంపలు కదిలాయి, తర్వాత భుజం ఒకటి. అన్న కూడా తన బేరసారాల మధ్యలో వచ్చి, సూరికి చాయ తెచ్చి పెట్టేవాడు. మొదట కప్పు కిటికీ మీద పెట్టేవాడు. తర్వాత చేతికిచ్చేవాడు.

ఒక సాయంత్రం అమ్మ అడిగింది. "నర్సింహా, ఒక్కటి అడుగుత. పెండ్లి సంగతి ఏంజేసినవ్ బిడ్డా? గిట్లనే ఉంటవా?"

ఇది పాత ప్రశ్న. పందొమ్మిదేళ్లుగా నా దగ్గర దీనికి ఒకటే జవాబు. అది సూరికి కూడా తెలుసు, నేను చెబుతుంటే వంటింట్లోంచి ఎన్నిసార్లు విన్నాడో. ఆ రోజు సూరి మాట్లాడలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని నన్ను చూశాడు. తను ఆగే మామూలు గడువు దాటిపోయింది. మానిటర్ కూస్తూనే ఉంది. అప్పుడు నా గొంతుతో, నేను లాగే తీరులోనే లాగుతూ, "చూద్దాం తియ్యే" అన్నాడు.

అమ్మ ఇంకేదో మాట్లాడింది, పెట్టేసింది. సూరి ఫోన్ పక్కన పెట్టాడు.

"సరిగ్గా వచ్చిందా?" అన్నాడు.

సరిగ్గానే వచ్చింది. అచ్చం నేనే. ఏ మనిషి లేడని నేను అన్నేళ్లుగా చెబుతూ వచ్చానో, ఆ మనిషే నా గొంతుతో తను లేడని చెప్పుకున్నాడు. నేను ఒకసారీ ఆర్పలేదు, రెండుసార్లూ ఆర్పలేదు. కళ్లు మూసుకున్నాను. కన్నీళ్లు చెవుల్లోకి పోయాయి. అవి వేడిగా ఉన్నాయని తెలిసింది. జబ్బు పడ్డాక నాకు తెలిసిన మొదటి వేడి అది. సూరి నా చెవులు తుడిచి, "ఊరుకో. డైలాగ్ నీదే కదా" అన్నాడు. నొప్పించాలని అనలేదు. తను అలాంటివాడు కాదు.

మాట వస్తే అమ్మతో మొదట చెప్పాల్సింది ఏమిటో ఆ సాయంత్రమే అనుకున్నాను. "అమ్మా, సూరి నా దోస్తు గాదు." అంతే. ఐదు మాటలు. చెప్పకుండా పోతే మా అమ్మకు తన కొడుకు ఎవరో తెలియకుండానే పోయినట్టు. అంతకుముందు బతకాలని ఉందో లేదో నాకు తెలియదు. ఆ వాక్యం కోసమైనా బతకాలనిపించింది.

శివరాత్రి దాటాక

మిషన్ తీసేశారు. గొంతులో గొట్టం తీశారు. మాట వచ్చింది, కానీ అది నాది కాదు. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంది. పోను పోను నయమవుతుందన్నారు, పాతది వస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. గొంతు అమ్ముకుని బతికేవాణ్ని, ఏడవాలి. ఏడుపు రాలేదు. ఇప్పుడు నా పాత గొంతు ఉన్నది సూరి దగ్గరే. మామగారి పాత్రకు అదే వాడుతున్నారు. వరలక్ష్మి గారు క్యారియర్ పట్టుకుని చూడటానికి వచ్చి, "పోనీలే నరసింహం, ఇక ముసలి మాంత్రికుల వేషాలన్నీ నీకే" అన్నారు. నవ్వు రావడానికి రెండు రోజులు పట్టింది.

ఇంటికి నన్ను అన్నా సూరీ కలిసి కుర్చీలో ఎత్తుకుని మెట్లెక్కించారు. అన్న మా ఇంటి గడప తొక్కడం అదే మొదలు. అటూ ఇటూ చూశాడు. మంచం ఒకటే ఉంది. చూసి, "ఫ్యాన్ చప్పుడొస్తున్నది, మనిషిని పంపుత" అని పోయాడు. మర్నాడు మనిషి నిజంగానే వచ్చాడు.

అమ్మతో ఫోన్ ఇంకా సూరే మాట్లాడుతున్నాడు. నా ఈ గొంతు వింటే హడలిపోతుందని. పగలంతా నా వాక్యం సాధన చేసేవాణ్ని. "అమ్మా, సూరి" దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయేది.

"చెప్పకపోయినా నేనెక్కడికీ పోను. తెలుసుగా" అన్నాడు సూరి, నా కాళ్లు మడిచి చాపుతూ.

"తెల్సు. చెప్తా" అన్నాను.

ఎండాకాలం

చేతికర్రతో నడవగలిగాక అమ్మ ఆగలేదు. సత్తయ్య కారులో తీసుకొస్తూ దారిలో నా జబ్బు సంగతి చెప్పాడు. ఒక్కో మెట్టూ ఎక్కి, గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నేను వాకర్ పట్టుకుని నిలబడ్డాను. అవతల ఒక కర్ర, ఇవతల ఒక బండి. ఎవరు ముందు కదలాలో తెలియక ఇద్దరం అలాగే ఉన్నాం. చివరికి సూరి ఇద్దరికీ కుర్చీలేశాడు.

అమ్మ నా గొంతు మీది మచ్చను వేలితో తడిమింది. "గిక్కడనా" అంది. ఏడవలేదు. మంచినీళ్లు తాగింది. నేను ఊపిరి కూడగట్టుకున్నాను.

"అమ్మా, సూరి నా..."

"ఎర్కే" అంది అమ్మ, నా మాట పూర్తికాకముందే. మాట మీద మాట వేసే అలవాటు నాకు ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"ఏం ఎర్క?" అన్నాడు అన్న.

"ఫోన్ల మాట్లాడింది వీడు గాదని మొదటి దినమే ఎర్కైంది. వీడైతే నా మాట ఒడ్వకముందే, ఉంటనే అని పెట్టేస్తడు. గా పిల్లగాడు నేను పెట్టేదాంక పెట్టలే, ఒక్క దినమన్న." సూరి వైపు చూసింది. "తిన్నవా, పండినవా అని అడిగింది వీన్ని గాదు బిడ్డా. నిన్నే."

సూరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అచ్చం నా యాస, నా గరుకు, నా విసుగు, అన్నీ పట్టుకున్నాడు. ఆగే అలవాటు ఒక్కటే దాచలేకపోయాడు.

"పెండ్లి సంగతి అడిగినప్పుడు శానసేపు సప్పుడు జెయ్యలే నువ్వు" అంది అమ్మ. "గప్పుడు ఇంకొకటి గూడ ఎర్కైంది."

సంచిలోంచి రెండు జతల బట్టలు తీసింది. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోమంది. నా మోకాళ్లు వంగవంటే, "అయితే మంచం మీద, ఒక్క దిక్కు" అంది. మా వైపు కొత్త జంటను అలా పక్కపక్కన కూర్చోబెట్టి బట్టలు పెడతారు. అన్నకు ఆ సంగతి తెలుసు. కాసేపు ఫ్యాన్ చూశాడు. తర్వాత కుంకుమ భరిణె మూత తీసి అమ్మకు పట్టుకున్నాడు. అమ్మ ముందు నాకు, తర్వాత సూరికి బొట్టు పెట్టింది.

"భయం గాలేదానే?" అన్నాను నా రేకు డబ్బా గొంతుతో. "నేను కాదని ఎర్కైనంక."

"ఎందుకు గాదు. మంచం మీదికెల్లి లేవరాకపాయె. పొద్దుగూకుతుంటే ఫోన్ దిక్కే చూస్తుంటి." కొంగుతో మొహం తుడుచుకుంది. "గా పిల్లగానికి నీ గొంతు వస్తున్నన్ని దినాలు నువ్వున్నట్టే అనుకున్న. నువ్వు పోయినంక, గా గొంతుల అమ్మా అని పిలిచే గుండె వానికి యాడికెల్లొస్తది."

కింద కూరగాయల బండివాడు మైకులో ధరలు చెప్పుకుంటూ పోతున్నాడు. అమ్మ చెయ్యి చాపి సూరి గడ్డం పట్టుకుంది.

"ఇగ నీ గొంతుతోని పిలువ్ బిడ్డా, ఒక్కసారి."

మామగార్లు, బావలు, ఉడుతలు, నేను, అందరం ఉన్న గొంతు అది. సూరి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"వన్ మోర్" అన్నాను.

రెండో టేక్ ఓకే అయింది.